కాపడం కథ

చలికాలం వచ్చిందంటే అట్లాంటాలో మన ఇళ్ళకు వచ్చే పెద్దవాళ్ళందరిదీ ఒకటే మాట: "మోకాళ్ళు పట్టేశాయి." ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టడం, ఆముదం రాసి వెచ్చజేసిన జిల్లేడాకు కట్టడం, వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోయడం మనకు కొత్త కాదు. చరక సంహితలో స్వేదనానికి ఒక అధ్యాయమే ఉంది. అందులో 13 రకాల స్వేదాలు చెప్పారు. అయితే కాపడానికి అమెరికాలో కూడా ఒక చరిత్ర ఉందని నాకు తెలిసింది మా అమ్మ వల్లే.

1962లో తెనాలి దగ్గర మా పల్లెలో, అప్పటికి మూడేళ్ళ పిల్ల అయిన మా అక్కకు జ్వరం వచ్చి కుడికాలు పడిపోయింది. నేనింకా పుట్టలేదు. కాలు ముట్టుకుంటే కేకలు పెట్టేదట. అమ్మ వేడినీళ్ళలో గుడ్డలు ముంచి, పిండి, రాత్రింబగళ్ళు కాపడం పెట్టింది. తరువాత అది పోలియో అని తేలింది. కాలు సన్నబడిపోయింది. "జ్వరంలో వేడి పెట్టి నరాలు చంపుకుంది" అని ఇరుగుపొరుగులో ఎవరో అన్నమాట అమ్మ మనసులో ముల్లులా ఉండిపోయింది.

2013లో అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు మోకాళ్ళ నొప్పికి ఫిజికల్ థెరపీకి తీసుకువెళ్ళాను. అక్కడి అమ్మాయి పొగలు కక్కే నీళ్ళతొట్టిలోంచి ఒక బరువైన గుడ్డసంచి తీసి, మందపాటి తువ్వాళ్ళలో చుట్టి మోకాలిమీద పెట్టింది. ఆ సంచిలో ఉండేది బెంటొనైట్ అనే బంకమన్ను. తొట్టిలో నీటి వేడి సుమారు 160 డిగ్రీల ఫారెన్‌హీట్. అమ్మ నవ్వి, "ఇది కాపడమే కదరా!" అంది. తిరిగి వస్తూ కారులో, "ఒరేయ్, ఆనాడు నేను పెట్టిన కాపడమే మీ అక్క కాలు తీసిందంటావా?" అని అడిగింది. నాకు జవాబు తెలియదు. ఆ జవాబు కోసమే పుస్తకాలు తిరగేశాను.

మన అట్లాంటాకు నైరుతి దిక్కున సుమారు 70 మైళ్ళ దూరంలో వార్మ్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరుంది. అక్కడి ఊటనీరు ఏడాది పొడుగునా 88 డిగ్రీల వెచ్చదనంతో ఉంటుంది. 1921లో పోలియోతో కాళ్ళు పోగొట్టుకున్న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1924లో మొదటిసారి అక్కడికి వెళ్ళారు. నేలమీద కదలని కాళ్ళు ఆ నీళ్ళలో కొంత కదిలాయి. 1926లో ఆ స్థలం కొని, మరుసటి ఏడు ఫౌండేషన్ పెట్టి, పోలియో రోగులకు చికిత్సాకేంద్రంగా మార్చారు. అక్కడ నల్లజాతి పిల్లలకు మాత్రం ప్రవేశం లేదు. వారికోసం 1941లో అలబామాలోని టస్కీగీలో వేరే కేంద్రం తెరవవలసి వచ్చింది. రూజ్‌వెల్ట్ గారి కాళ్ళు మామూలుగా కాలేదు. వెచ్చని నీరు బరువు మోసి, కండరాలను సడలించి, వ్యాయామం చేయనిచ్చింది. అంతే.

ఆ రోజుల్లో పోలియో వస్తే కాళ్ళూ చేతులూ కదలకుండా బద్దలు, పిండికట్లు వేసి ఉంచేవారు. దీన్ని కాదన్నది ఎలిజబెత్ కెన్నీ అనే ఆస్ట్రేలియా నర్సు. సిస్టర్ అంటే సన్యాసిని కాదు. సైన్యంలో నర్సుగా పనిచేసినప్పుడు వచ్చిన హోదా. ఉన్ని దుప్పటి ముక్కలను మరిగే నీళ్ళలో ముంచి, నీరు కారకుండా గట్టిగా పిండి, బిగుసుకుపోయిన కండరాలకు చుట్టేది. నొప్పి తగ్గగానే మెల్లగా కదిలించేది. స్వదేశంలో పెద్ద డాక్టర్లతో తగువులుపడి 1940లో అమెరికా వచ్చింది. 1942 డిసెంబరులో మినియాపొలిస్‌లో ఆమె పేరిట సంస్థ వెలిసింది. జబ్బు గురించి ఆమె చెప్పిన సిద్ధాంతాలను వైద్యులు చాలావరకు ఒప్పుకోలేదు. కాని కాపడాన్నీ, కదలికనూ ఒప్పుకున్నారు, పిండికట్లు మానేశారు.

పోలియో వైరస్ దెబ్బతీసేది వెన్నుపాములోని నాడీకణాలను. అక్కడికి పైన పెట్టే వేడి చేరదు. కాపడం వాటిని చంపలేదు, బతికించనూ లేదు. అది చేసేది రక్తప్రసారం పెంచడం, కండరాల బిగువూ నొప్పీ తగ్గించడం, కీలు కదలడానికి వీలు కల్పించడం. పోలియోను నిజంగా ఆపింది టీకా. రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న వార్మ్ స్ప్రింగ్స్‌లోనే కన్నుమూశారు. సరిగ్గా పదేళ్ళకు, అదే తేదీన సాక్ టీకా పనిచేస్తుందని ప్రకటించారు. భారతదేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ వల్ల వచ్చిన ఆఖరి కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది.

అమ్మను వార్మ్ స్ప్రింగ్స్ తీసుకువెళ్ళి, ఆ పాత తొట్టెల గట్టున కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "అయితే దానికి కాస్త నొప్పయినా తగ్గిందన్నమాట" అంది చివరికి. ఆ రాత్రి అక్కకు ఫోను చేసి చెబితే అక్క అంది: "నాకు జ్వరం గుర్తులేదు. ఆ వెచ్చని గుడ్డ మాత్రం గుర్తుంది."

మనలో మధుమేహం ఉన్నవాళ్ళు ఎక్కువ. పాదాలలో స్పర్శ తగ్గితే కాలుతున్నదీ తెలియదు. కాబట్టి వేడి చూసుకోండి, పావుగంటో ఇరవై నిమిషాలో చాలు. కొత్తగా దెబ్బతగిలి వాచినచోట కాపడం వద్దు. ఈ చలికాలంలో మీ ఇంట్లో పెద్దవాళ్ళకు కాపడం పెట్టేటప్పుడు వాళ్ళ పక్కన కూర్చుని, పాత సంగతులు కూడా అడగండి.