పెరట్లో ప్రెయిరీ

ఇక్కడ కాన్సాస్‌లో ఇంటి ముందు పూలమొక్కల మధ్య గడ్డి పెంచుతారంటే మా ఊరు మనుబోలులో ఎవరూ నమ్మరు. మనకు గడ్డంటే గట్టుమీద కోసి పశువులకు వేసేది, మడిలో మొలిస్తే పీకి పారేసేది. ఇక్కడివాళ్ళు దాన్ని నర్సరీలో డబ్బు పెట్టి కొంటారు. పేరు స్విచ్‌గ్రాస్. ఆరడుగుల దాకా నిటారుగా లేచే దుబ్బు. శ్రావణ భాద్రపదాల్లో పలచటి వెన్నులు తీస్తుంది. చలి ముదిరేసరికి ఆకు పసుపు తిరుగుతుంది, కొన్ని రకాల్లో ఎర్రబడుతుంది. అమెరికా చరిత్ర చెప్పమని ఊరినుంచి ఎవరడిగినా నేను యుద్ధాలతోనో అధ్యక్షులతోనో మొదలుపెట్టను. ఈ గడ్డితో మొదలుపెడతాను.

మనకిది మరీ పరాయిదేమీ కాదు. 1753లో లిన్నేయస్ దీనికి పానికం విర్గాటం అని పేరుపెట్టాడు. మన సామలు, వరిగలు కూడా ఆ పానికం కుదురువే. సామచేను చూసి పెరిగిన పెద్దవాళ్ళు ఈ వెన్ను చూస్తే చుట్టరికం ఇట్టే పోల్చుకుంటారు.

ఈ దేశం నడిమధ్యన, కెనడా అంచు నుంచి టెక్సస్ దాకా, ఒకప్పుడు దాదాపు 17 కోట్ల ఎకరాల ఎత్తుగడ్డి మైదానం ఉండేది. దాన్ని ప్రెయిరీ అంటారు. అందులో ముఖ్యమైన నాలుగు గడ్డిజాతుల్లో ఇదొకటి. వేళ్ళు పదడుగుల లోతుకు దిగుతాయి. వేల ఏళ్ళుగా ఆ వేళ్ళు అక్కడే చివికి నేలను నల్లగా, బలంగా చేశాయి. పైన బైసన్ అనే అడవిదున్నల మందలు మేసేవి. ఇక్కడి ఆదివాసులు గడ్డికి నిప్పుపెట్టి, కొత్త చిగురుకు మందలు వచ్చేలా చూసుకునేవారు. అది ఖాళీ నేల కాదని నేను పదేపదే చెబుతుంటాను, ఎందుకంటే ఖాళీ నేల అన్న అబద్ధం మీదే తర్వాతి కథంతా నడిచింది.

1837లో ఇల్లినాయ్‌లో జాన్ డీర్ అనే కమ్మరి ఉక్కు మడక చేశాడు. అంతకుముందు పోత ఇనుము మడకలకు ఆ జిగట మట్టి అంటుకుపోయి, రైతు అడుగడుగునా ఆగి గీకవలసి వచ్చేది. నున్నటి ఉక్కుకు మట్టి అంటలేదు. 1862లో అధ్యక్షుడు లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం, అయిదేళ్ళు కాపురముండి సేద్యం చేసినవాడికి నామమాత్రపు రుసుముతో 160 ఎకరాలిచ్చింది. ఆ ఎకరాలు ఎవరివి? ఈ రాష్ట్రానికి తమ పేరిచ్చిన కాన్సా జనాన్నే 1873లో ఇప్పటి ఒక్లహామాకు తరలించారు. కోట్లలో ఉండిన బైసన్లు 1880ల చివరికి సుమారు వెయ్యి మాత్రమే మిగిలాయి. మనుషులు, మందలు, గడ్డి ఒకే తరంలో పోయాయి. ఇక్కడ భూమిపట్టా చరిత్ర చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

గడ్డిని ఇలా దున్నేసినందుకు శిక్ష పడమటి పొట్టిగడ్డి నేలల మీద ముందుగా పడింది. మొదటి ప్రపంచయుద్ధం నాటి గోధుమ ధరలకు ఆశపడి అక్కడంతా దున్నేశారు. 1930లలో వానలు మొహం చాటేశాయి. పట్టుకునే వేరు లేక మట్టి గాలికి లేచింది. 1935 ఏప్రిల్ 14న మట్టిమబ్బు పగటిని చీకటి చేసింది. ఆ నెల 27నే భూసార పరిరక్షణ చట్టం వచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వమే గడ్డి విత్తనాలు ఏరించి, పెంచి, రకాలు విడుదల చేసింది. 1944లో వచ్చిన బ్లాక్‌వెల్ అనే స్విచ్‌గ్రాస్ రకం అలాంటిదే. 1985లో వచ్చిన చట్టం కింద, కోతకు గురయ్యే నేలను దున్నకుండా గడ్డికి వదిలిన రైతుకు ప్రభుత్వం ఏటా కౌలు ఇస్తోంది.

ఎత్తుగడ్డి మైదానంలో ఇప్పుడు మిగిలింది నూటికి నాలుగు పాళ్ళు కూడా లేదు. ఉన్నదాంట్లో ఎక్కువ మా కాన్సాస్ ఫ్లింట్ హిల్స్‌లోనే ఉంది. కింద రాయి ఉండి మడక దిగలేదు కాబట్టే అది బతికింది. 1996లో అక్కడ కొంత భాగాన్ని జాతీయ సంరక్షణ ప్రాంతం చేశారు.

మైదానంలో పోయిన స్విచ్‌గ్రాస్ తోటల్లోకి వచ్చింది. విచిత్రమేమంటే, దాని అందాన్ని అమెరికన్ల కంటే ముందు జర్మన్ తోటమాలులు గుర్తించారు. పోట్స్‌డామ్‌లో కార్ల్ ఫోయర్‌స్టర్ గడ్డిజాతులకు తోటలో పెద్దపీట వేశాడు. ఎర్రబారే షెనండోవా రకం హాన్స్ సైమన్ అనే జర్మన్ ఎంచినది. విస్కాన్సిన్ నర్సరీదారు రాయ్ డిబ్లిక్ ఎంచిన నార్త్‌విండ్ రకానికి 2014లో ఆ ఏటి ఉత్తమ బహువార్షిక మొక్క గౌరవం దక్కింది. షికాగోలో 2004లో తెరిచిన లూరీ గార్డెన్‌లో స్విచ్‌గ్రాస్ నడిబజారులో నిలబడి ఉంటుంది.

పెంచడం తేలిక. ఎండ నిండుగా పడాలి, మొక్కకూ మొక్కకూ రెండు మూడడుగుల ఎడం ఉండాలి. తడినీ ఓర్చుకుంటుంది, వేళ్ళు దిగాక కరువునూ ఓర్చుకుంటుంది. ఎరువు మాత్రం వేయకూడదు. యూరియా ఎక్కువైన వరిలాగే పడిపోతుంది. చలికాలమంతా ఎండు దుబ్బును అలాగే వదిలితే గింజలు పిట్టలు తింటాయి. వసంతం రాకముందు జానెడెత్తున కోసేయాలి. నేల వెచ్చబడితే గానీ ఇది చిగురించదు. కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఏప్రిల్లో చూసి చచ్చిందనుకుని పెకలిస్తుంటారు. మే దాకా ఆగాలి. దుబ్బు నడుమ డొల్లబడితే అప్పుడే చీల్చి నాటుకోవచ్చు.

ఊరినుంచి కొందరు ఈ గడ్డి విత్తనాలు పంపమని అడుగుతున్నారు. పంపను. విత్తనం దేశం దాటాలంటే అనుమతీ తనిఖీ ఉండాలని చట్టం ఉంది, అది మంచి చట్టం. సర్కారు తుమ్మ, వయ్యారిభామ రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మన బీళ్ళను అవేం చేశాయో మీకు తెలుసు. ఇలాంటి దుబ్బే కావాలంటే వట్టివేరు పెట్టండి. ఇంతే ఎత్తు, ఇంతే లోతైన వేళ్ళు, మన ఇసుక నేలకు అలవాటైనది. పాత దుబ్బు చీల్చి, ఆకు జానెడుంచి కత్తిరించి, రెండు మూడు పిలకల చొప్పున ఈశాన్య వానల మొదట్లో కాలవగట్టున నాటండి. అప్పుడు నీళ్ళు పోసే పని కూడా పెద్దగా ఉండదు.