సోడాబుడ్డికి పుట్టిల్లు బీరు పీపా

టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడు కిందటేడు బీరు కిట్టు కొన్నాడు. డబ్బాలో చిక్కటి మాల్ట్ పాకం, చిన్న పొట్లంలో ఈస్టు, మూతకు గాలిగొట్టం ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము. డబ్బా మీద రాసినట్టే పాకంలో కిలో పంచదార, కుళాయి నీళ్లు కలిపి 23 లీటర్లు చేశాడు. ఈస్టు చల్లి కారు షెడ్డులో పెట్టాడు. నెల తిరిగాక ఫోను.

"మామా, ఇది బీరులా లేదు. పల్చటి యాపిల్ రసంలో టించరు పోసినట్టుంది. గ్యాసు మాత్రం బ్రహ్మాండంగా పట్టింది."

అప్పుడు నేను తమిళనాడులో కోవిల్‌పట్టి బస్టాండు బయట గోలీసోడా తాగుతున్నాను. నాకు తాగే అలవాటు తక్కువ, దాని గురించి చదివే జబ్బు ఎక్కువ. అందుకే వాడికి అక్కడి నుంచే వైద్యం చెప్పాను. టించరు వాసన కుళాయి నీళ్లలోని క్లోరిన్ చేసిన పని. పల్చదనం పంచదారది. ఈస్టు పంచదారను పూర్తిగా తినేసి సారాగా మార్చేస్తుంది, నాలుక మీద ఏమీ మిగల్చదు. దాని బదులు ఇంకాస్త మాల్టే వేస్తే బీరుకు ఒళ్లు వస్తుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు వేడిది. కిట్లతో మామూలుగా వచ్చే ఈస్టుకు 18 నుంచి 20 డిగ్రీలు చాలు. టెక్సాస్ ఎండలో రేకుల షెడ్డు అంటే అది పనిచేయదు, పరుగులు తీస్తుంది. ఆ పరుగులోనే ఘాటు, పచ్చి వాసన.

గ్యాసు పట్టడంలో వాడి గొప్పేమీ లేదు. పులిసిన బీరును సీసాలకు పోసేటప్పుడు లీటరుకు ఆరు గ్రాముల పంచదార వేసి మూత బిగిస్తే, మిగిలిన ఈస్టు దాన్ని తిని బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. బయటికి దారి లేక అది బీరులోనే కరిగిపోతుంది. చెయ్యి జారి పంచదార ఎక్కువ పడితే సీసాలు పేలతాయి. నా చేతిలోని సోడాలో బుసబుసలాడుతున్నదీ ఆ వాయువే. కాకపోతే దీనికి ఈస్టు అక్కర్లేదు, సిలిండరు ఉంటే చాలు. బీరు, సోడాల చుట్టరికం కథ ఇంగ్లండులో ఒక బీరు బట్టీ గోడ పక్కన మొదలైంది.

1767లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే పాదిరి లీడ్స్ పట్టణానికి బదిలీ అయి వచ్చి, బీరు కాచే బట్టీ పక్క ఇంట్లో దిగాడు. పులుస్తున్న పీపాల మీద, అంచుకు లోపల, జానెడు మందాన ఒక వాయువు పరుచుకుని ఉండేది. వెలుగుతున్న పుల్లను అందులోకి దించితే ఆరిపోయేది. ఆయన ఆ పీపా మీద రెండు గ్లాసులు పట్టుకుని, నీళ్లను ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తిరగబోశాడు. మన టీ కొట్టువాడు టీ చల్లార్చినట్టే. కొద్దిసేపటికే నీళ్లు నాలుక మీద చురుక్కుమన్నాయి. సోడా పుట్టింది అలాగే.

ఇల్లు మారాక పీపా అందుబాటులో లేకుండా పోయింది. దాంతో సుద్దముక్క మీద గంధకామ్లం పోసి వాయువు పుట్టించి, దాన్ని పంది మూత్రాశయంతో చేసిన తిత్తిలో పట్టి నీళ్లలోకి ఎక్కించాడు. 1772లో ఆ పద్ధతిని చిన్న పుస్తకంగా అచ్చువేయించాడు. నూత్ అనే వైద్యుడు దానికి వంక పెట్టాడు: తిత్తి వల్ల నీళ్లు మూత్రం వాసన వస్తున్నాయని. వంక పెట్టి ఊరుకోలేదు, పూర్తిగా గాజుతో పరికరం చేసి చూపించాడు. మొదటి విడత తేడాగా రావడం మా మేనల్లుడితో మొదలైన సంగతి కాదని వాడికి ధైర్యం చెప్పింది ఈ ముక్కతోనే. 1783లో జెనీవాలో ష్వెప్ అనే గడియారాల పనివాడు దీన్ని వ్యాపారం చేశాడు.

గ్యాసు ఎక్కించడం వచ్చింది గానీ, నిలపడం రాలేదు. బెండు బిరడా ఎండిపోతే గ్యాసంతా కారిపోయేది. 1872లో హైరం కాడ్ అనే ఇంగ్లీషువాడు దీనికి గోలీ విరుగుడు కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. సీసా మెడలో రబ్బరు చుట్టు, లోపల గాజు గోలీ. సీసాను తలకిందులు చేసి నింపుతారు. గోలీ జారి రబ్బరు మీద కూర్చుంటుంది. నిలబెట్టాక గ్యాసే దాన్ని కింది నుంచి తోసి పట్టుకుంటుంది. లోపలి బలమే మూత. మెడ కింద రెండు నొక్కులు ఉంటాయి చూడండి, వంచి తాగేటప్పుడు గోలీ దారికి అడ్డం పడకుండా అక్కడ చిక్కుకుంటుంది. చిన్నప్పుడు గోలీ కోసం సీసా పగలగొట్టిన పాపం చాలామందికే ఉంటుంది. దళసరి కళ్లజోడుకు సోడాబుడ్డి పేరు, వీధి కొట్లాటల్లో సోడాబుడ్ల వాన... ఇంగ్లండు మరిచిపోయిన సీసా మన భాషలో కాపురం పెట్టేసింది.

ఇక మా వైపు సంగతి. కోవిల్‌పట్టి, విరుదునగర్ నల్లరేగడి నేలలు. తమిళంలో కరిసల్ అంటారు. వలస వచ్చి స్థిరపడ్డ తెలుగు ఇళ్లు ఇక్కడి పల్లెల్లో తరతరాలుగా ఉన్నాయి. ఆ వలసల కథను తమిళంలో నవలగా రాసిన కి. రాజనారాయణన్‌ది కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్, ఇంట్లో మాట తెలుగు. ఎండకు పేరుపడ్డ ఈ నేలలో బీరు ఈస్టు కుదురుగా పనిచేయదు. ఇక్కడి పానీయం తాటిచెట్టుది. ముంతకు లోపల సున్నం పూసి కడితే తెల్లారికి తియ్యటి పదనీరు, సున్నం పూయకపోతే అదే కల్లు. సున్నం ఈస్టును నోరెత్తనివ్వదు. రుచిని అదుపులో పెట్టడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం నేనెక్కడా చూడలేదు.

తాటి పని వృత్తిగా ఉన్న నాడార్లు క్రమంగా వ్యాపారంలోకి వచ్చి పెంచిన పేట విరుదునగర్. 1923 దాకా దాని పేరు విరుదుపట్టి. అక్కడే 1916లో పి.వి.ఎస్.కె. పళనియప్ప నాడార్ సోడా వ్యాపారం పెట్టారు. అదే కాళీ మార్క్. అప్పట్లో ఊళ్లలో సోడా పట్టే యంత్రమంటే పక్కన పెద్ద చక్రం ఉన్న ఇనుప పెట్టె. సీసాలను అందులో బిగించి, గ్యాసు వదిలి, చక్రం పట్టుకుని గిరగిరా తిప్పాలి. నీళ్లలో గ్యాసు కలిసేది ఆ కుదుపుకే. ప్రీస్ట్‌లీ రెండు గ్లాసులతో చేసిన పనే, కాస్త కండ ఎక్కువ కావాలి.

ఇక మద్యం సంగతికొస్తే, 1937లో రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధ చట్టం తెచ్చి సేలం జిల్లాతో మొదలుపెట్టింది. 1948కల్లా అది మద్రాసు రాష్ట్రమంతా అమలైంది. తర్వాత సర్కారే మద్యం దుకాణాలు నడిపే కాలం వచ్చింది గానీ, ఇంట్లో మద్యం కాయడం ఇప్పటికీ నేరమే. అమెరికాలోనూ 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టేదాకా ఇంటి బీరుకు సమాఖ్య చట్టం ఒప్పుకోలేదు. మావాడు అక్కడ ఉండబట్టి సరిపోయింది.

మళ్లీ సోడాకి వస్తే, కాళీ మార్క్ వాళ్లు 1958లో బోవొంటో తెచ్చారు. ముదురు రంగు, కోలా లాంటి ఘాటు, వెనకాలే ద్రాక్ష వాసన. గోదావరి జిల్లాల వాళ్లకు ఆ ద్రాక్ష మాట వినగానే ఇంకో పేరు గుర్తొస్తుంది. రామచంద్రపురంలో అద్దూరి రామచంద్రరాజు 1919లో మొదలుపెట్టిన సోడా వ్యాపారం, 1955లో ఆర్టోస్ అయింది. రెండూ చిన్న ఊళ్లు, మూడేళ్ల తేడా, చివరికి తేలింది రెండూ ద్రాక్షలోనే! ఒకరినొకరు చూసి చేశారని నేననను. వట్టి సోడా నాలుకను గిల్లి వదిలేస్తుంది, తీపీ పులుపూ కలిసిన పండు వాసన తోడైతేనే రెండో గుక్కకు పిలుస్తుంది. పానకం, నిమ్మకాయ నీళ్లకు అలవాటుపడ్డ నోళ్లు మనవి. 1990లలో విదేశీ కోలాలు వచ్చి ఎన్నో స్వదేశీ సీసాలను మింగేశాయి. ఈ రెండూ మిగిలాయి. 2017లో జల్లికట్టు ఉద్యమం తర్వాత మార్చి 1 నుంచి విదేశీ కోలాలు అమ్మబోమని తమిళనాడు వర్తక సంఘాలు ప్రకటించినప్పుడు బోవొంటో మళ్లీ అందరి నోటా పడింది.

మేనల్లుడు రెండో విడత చేశాడు. పంచదార మానేసి మాల్టు పొడి వేశాడు, డ్రమ్మును నీళ్ల తొట్టిలో నిలబెట్టి తడిగుడ్డ చుట్టాడు. ఈసారి బీరులా ఉందట. వాడిలా చట్టం ఒప్పుకునే చోట ఉండి కిట్టు కొన్నవాళ్లు, కాచి చల్లార్చిన నీళ్లు గానీ కొన్న తాగునీళ్లు గానీ వాడండి. ఇటు వచ్చేవాళ్లు విరుదునగర్‌లో దిగి బోవొంటో అడగండి. వెచ్చటి సీసా ఇస్తే మాత్రం పుచ్చుకోకండి. పది డిగ్రీల నీళ్లు పట్టుకునే గ్యాసులో ముప్ఫై డిగ్రీల నీళ్లు పట్టుకునేది సగం కంటే కాస్తే ఎక్కువ. మూత తీయగానే మిగతాదంతా మీ చొక్కా మీదికే.