మూలం దొరకని చిక్కుప్రశ్న: ‘కనండ్రం’

ప్రహేళిక అన్నా, ప్రవల్హిక అన్నా, అచ్చతెలుగులో పొడుపుకథ అన్నా అర్థాన్ని మరుగుపరచి అడిగే ప్రశ్నయే. ఆంగ్లభాషలో ఇట్టి చిక్కుప్రశ్నకు ‘కనండ్రం’ అని ఒక పేరున్నది. విచిత్రమేమనగా, ఆ పదం పుట్టుకయే నేటికీ విడివడని చిక్కుముడి.

1596లో థామస్ నాష్ అనే ఆంగ్లరచయిత తన ప్రత్యర్థి గేబ్రియల్ హార్వీని అధిక్షేపిస్తూ వ్రాసిన గ్రంథంలో ఈ మాట కనిపిస్తుంది. అక్కడ దానికి ప్రశ్న అనే అర్థం లేదు. శుష్కపాండిత్యంతో గర్వించేవానికి అది నిందావాచకం. అనతికాలంలోనే బెన్ జాన్సన్ ‘వోల్పోని’ నాటకంలో అది మనసుకు తోచిన వింతపోకడ అనే అర్థంలో వచ్చింది. పిమ్మట శ్లేషోక్తి అయినది. 18వ శతాబ్దిలో శ్లేషతో సమాధానం చెప్పవలసిన పొడుపుకథ అయినది. తుదకు ఏ జటిలసమస్యకైనా పేరయినది.

పదాంతం లాటిన్‌ను తలపిస్తుంది. కాని లాటిన్‌లో ఈ పదం లేదు. విద్యార్థులు పరిహాసంగా కల్పించిన దొంగలాటిన్ కావచ్చునని పండితుల ఊహ. ‘రిడిల్’ అనే పదానికి వివరించుట, సలహా చెప్పుట అనే అర్థాలుగల ప్రాచీనాంగ్ల క్రియ మూలం. ‘ఎనిగ్మా’ గ్రీకు నుండి వచ్చినది. ‘కనండ్రం’ విషయంలో మాత్రం నిఘంటుకారులు మూలం అజ్ఞాతమని వ్రాసి విరమించారు.

ఇట్టిచోట ధ్వనిసామ్యాన్ని మాత్రమే చూచి ఏదో ఒక సంస్కృతధాతువును అతికించాలనే ఉత్సాహం కొందరికి కలుగుతుంది. నిర్వచనం చెప్పక విడువరాదని యాస్కమహర్షి నిరుక్తంలో ఆదేశించిన మాట సత్యమే. కాని ఆయన విచారించినది వైదికపదాలను. అర్థమే ప్రధానమని, ప్రకరణం విడిచి పదాన్ని నిర్వచించరాదని కూడ ఆయనయే శాసించాడు. ప్రమాణం లేని వ్యుత్పత్తి దేవభాషకు గౌరవం తేదు, అపహాస్యమే తెస్తుంది.

యక్షప్రశ్నల వృత్తాంతం ఇక్కడ స్మరణీయం. నలుగురు తమ్ములు ప్రశ్నను లక్ష్యపెట్టక దాహానికి తొందరపడి నేలకూలారు. ధర్మరాజు ప్రశ్న ముందు నిలిచాడు. నిలిచినందుననే వారు మరల బ్రతికారు. తెలియని దానిని తెలియదని ఒప్పుకొని నిలువగలుగుట ఓటమి కాదు, జిజ్ఞాసకు ప్రథమసోపానం. పండితగర్వానికి నిందగా పుట్టిన ఆ పరదేశపదం బోధించేదీ అదియే.