చామంతికి తొందరపాటు పూత... రాత్రి వెలుతురే విరుగుడు

నాటిన నెల తిరగకముందే చామంతి మొగ్గ తొడిగితే చూపరులకు ముచ్చటగా ఉంటుంది. సాగుదారునికి మాత్రం అది నష్ట సూచన. మొక్క జానెడు ఎత్తు దాటకుండానే పూతకు వస్తే కాడ పొడవు ఉండదు, కొమ్మలు విస్తరించవు, పూల పరిమాణం తగ్గుతుంది. పాలిహౌస్‌లో పెంచే కాడపూలకు కొనేవారే కరవవుతారు. విడిపూల తోటల్లో ఒకటి రెండు కోతలతోనే పంట ముగిసిపోతుంది. పండుగలు, పెళ్లి ముహూర్తాలను లెక్కవేసుకుని పెట్టుబడి పెట్టిన రైతుకు ధర పలికే నాటికి తోటలో పూలుండవు. ఈ సమస్యకు మూలం ఎక్కువ సందర్భాల్లో తెగులో, ఎరువుల లోపమో కాదు. రాత్రి నిడివి.

పగలు కాదు, రాత్రే కీలకం

పగటి నిడివికీ పూతకూ గల సంబంధాన్ని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ 1920లో వెల్లడించారు. పొలంలో ఎంతకూ పూయని ఒక పొగాకు రకం, పగటి వెలుతురును తగ్గించగానే పూతకు రావడం వారి పరిశీలనకు ఆధారం. ఇటువంటి వాటిని హ్రస్వదిన మొక్కలంటారు. చామంతి, గోంగూర, సోయా చిక్కుడు, గంజాయి, పాతకాలపు పొడవు వరి రకాలు అనేకం ఈ కోవకు చెందినవే. 1938లో హామ్నర్, బానర్ జరిపిన ప్రయోగాలతో మొక్క కొలిచేది పగటిని కాదనీ, ఎడతెగని చీకటినేననీ తేలింది. దీర్ఘరాత్రి నడుమ కొద్దిసేపు వెలుతురు సోకినా మొక్క దానిని చిన్న రాత్రిగానే భావిస్తుంది.

ఈ గణన ఆకుల్లో జరుగుతుంది. ఎర్రని కాంతిని గుర్తించే ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఇందుకు సాధనం. రాత్రి దీర్ఘమైనప్పుడు ఆకులో పూతను ప్రేరేపించే ప్రోటీన్ తయారై కొమ్మ కొనకు చేరుతుంది. రాత్రి నడుమ వెలుతురు పడితే పూతను అడ్డుకొనే మరో ప్రోటీన్ ఉత్పత్తి అవుతుందని చామంతి జాతి మొక్కలపై జపాన్ శాస్త్రవేత్తలు 2013లో నిరూపించారు.

మన పగళ్లు చిన్నవే

కాడపూల చామంతి రకాలు చాలావరకు పగలు సుమారు 14.30 గంటల కంటే తగ్గితే మొగ్గకు అంకురార్పణ చేస్తాయి. 13.30 గంటల కంటే తగ్గితే ఆ మొగ్గ ఎదిగి విచ్చుకుంటుంది. కుప్పం ప్రాంతంలో జూన్ నెలాఖరులో సైతం పగటి నిడివి 13 గంటలకు లోపే. సంధ్యా వెలుగును కలుపుకొన్నా 14 గంటలకు చేరదు. డిసెంబరులో అది 11.30 గంటల లోపునకు దిగుతుంది. అంటే ఈ రకాలకు ఇక్కడ ఏడాది పొడవునా పూతకాలమే. కృత్రిమ వెలుతురు లేకుండా నాటితే పిల్ల మొక్కలే పూతకు సిద్ధపడతాయి. దేశవాళీ రకాల్లో అనేకం పగలు మరింత కుదించుకుపోతే గానీ పూయవు. శీతకాలంలో అవి విరగబూయడానికి కారణమిదే. వాటిని ఆలస్యంగా, పగళ్లు తగ్గిన తరువాత నాటితే అవి సైతం ఎదగకుండానే మొగ్గ తొడుగుతాయి.

లోపం ఎక్కడో తోటే చెబుతుంది

ముందస్తు మొగ్గలు మడి అంతటా ఒకేసారి కనిపిస్తే వరుసగా పలు రాత్రులు వెలుతురు అందలేదని గ్రహించాలి. విద్యుత్తు కోత, టైమర్ వైఫల్యం ఇందుకు సాధారణ కారణాలు. మడుల చివర్లలో, మూలల్లో మాత్రమే మొగ్గ కనిపిస్తే బల్బుల నడుమ దూరం ఎక్కువైందనీ, కొన్ని మాడిపోయాయనీ అర్థం. అక్కడక్కడ విడిగా మొక్కలు పూస్తుంటే లోపం నారులో ఉంది. పూతకు వచ్చిన తల్లి మొక్కల నుంచి తీసిన కత్తిరింపులు నాటిన కొద్ది రోజులకే మొగ్గ వేస్తాయి. ముదిరిన, గట్టిపడిన కొమ్మలదీ అదే తీరు. తల్లి మొక్కలకు సైతం రాత్రి వెలుతురు తప్పనిసరి.

వెలుతురు సరిగానే ఉన్నా కొన్ని మొక్కల కొనల్లో ఒంటరి మొగ్గ ఏర్పడుతుంది. దాని కింద సన్నని పట్టీల వంటి ఆకులు, చుట్టూ పూత లేని పిలకలు ఉంటాయి. కొమ్మను ఎక్కువకాలం తుంచకుండా వదలడమే దీనికి హేతువు.

రాత్రి దీపాల అమరిక

నాటిన రోజు నుంచే రాత్రి 10 గంటల నుంచి 2 గంటల వరకు 4 గంటలపాటు వెలుతురు ఇవ్వడం ప్రామాణిక పద్ధతి. మొక్కల తలల వద్ద దాదాపు 100 లక్స్‌లు ఉండాలి. పాతకాలపు 100 వాట్ల బల్బులైతే మొక్కలకు మీటరున్నర ఎత్తున, 1.8 మీటర్ల ఎడంలో అమర్చేవారు. ఎల్‌ఈడీలతో ఖర్చు బాగా తగ్గుతుంది. అయితే ఫైటోక్రోమ్‌పై పనిచేసేది ప్రధానంగా ఎర్రని కాంతి కనుక, అది తగినంత ఉన్న దీపాలనే ఎంచుకోవాలి. ప్రతి అరగంటలో 6 నిమిషాలు వెలిగించి 24 నిమిషాలు ఆర్పే పద్ధతి సైతం ఫలితమిస్తుంది. వ్యవసాయ విద్యుత్తు రాత్రివేళ ఉండని చోట జనరేటర్, బ్యాటరీ ఏర్పాటు లేకుండా ఈ సాగుకు దిగడం శ్రేయస్కరం కాదు.

తడి నేలపై విద్యుత్తు తీగలు ప్రాణాంతకం. అతుకులు లేని ఇన్సులేషన్ తీగలు, నీరు చొరని హోల్డర్లు, కరెంటు లీకైతే సరఫరాను నిలిపివేసే రక్షణ పరికరం విధిగా ఉండాలి. తీగలు లాగేముందు విద్యుత్తు సిబ్బందికి తెలియపరచాలి.

మొగ్గ వచ్చాక...

ఒంటరి మొగ్గ అయితే దానిని కింది లేత ఆకులతో సహా తుంచివేయాలి. పక్క పిలకలు ఎదుగుతాయి. మొక్క చిన్నదిగా ఉండి కొనలో మొగ్గల గుత్తి అప్పుడే ఏర్పడుతుంటే, నాలుగైదు ఆకులు ఉంచి తల తుంచి, ఆ రాత్రి నుంచే వెలుతురు పునరుద్ధరించాలి. కొత్త కొమ్మలు తగిన పొడవు సాధించేవరకు, కనీసం 3 నుంచి 4 వారాలు దీనిని కొనసాగించాలి. తుంచిన తరువాత లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున 19-19-19 ఎరువును పిచికారీ చేస్తే చిగుళ్లు త్వరగా కోలుకుంటాయి. ఎరువు ఒక్కటే పూతను వెనక్కు మళ్లించదని గుర్తుంచుకోవాలి. మొగ్గలు రంగు చూపే దశకు చేరితే చేయగలిగింది లేదు. ఆ మడిని విడిపూలకు వదిలి, తదుపరి పంటకు దీపాలు సరిచేసుకోవడమే ఉత్తమం.

దీపం ఆర్పే తేదీకీ లెక్కుంది

వెలుతురు నిలిపిన నాటి నుంచి పూత విచ్చుకొనే వరకు రకాన్నిబట్టి 6 నుంచి 15 వారాలు పడుతుంది. 8 వారాల రకం జనవరి 10 నాటికి, సంక్రాంతి బేరానికి అందాలంటే నవంబరు 15 ప్రాంతంలో దీపాలు ఆర్పాలి. ఆ తరువాత చీకటి సంపూర్ణంగా ఉండాలి. వీధి దీపం వెలుగు పడే గట్టున మొక్కలు పూయకుండా పచ్చగానే నిలిచిపోవడం తరచూ కనిపించేదే. రాత్రి ఉష్ణోగ్రత బాగా పెరిగినా మొగ్గ ఆలస్యమవుతుంది. నాటిన తేదీ, దీపం పెట్టిన తేదీ, ఆర్పిన తేదీ, తొలి కోత తేదీలను మడివారీగా నమోదు చేసుకున్న రైతుకు మరుసటి ఏడాది తన రకం ఎన్ని వారాలకు పూస్తుందో తన పుస్తకమే చెబుతుంది.