యులిసిస్: ఒక్క రోజులో ఒక ఇతిహాసం

జేమ్స్ జాయిస్‌కు హోమర్ వీరుడు యులిసిస్ (గ్రీకులో ఒడిస్సియస్) బడి రోజుల్లోనే పరిచయం. చార్లెస్ లాంబ్ పిల్లల కోసం తిరగరాసిన కథ చదివాడు. నచ్చిన వీరుడి మీద వ్యాసం రాయమంటే యులిసిస్‌నే ఎంచుకున్నాడు. 1906లో రోమ్‌లో బ్యాంకు గుమాస్తాగా ఉండగా, డబ్లిన్ వీధుల్లో తిరిగే ఒక మామూలు మనిషి గురించి ఆ పేరుతో చిన్న కథ రాద్దామనుకున్నాడు. అది పేరు దగ్గరే ఆగిపోయింది. 1914లో ట్రియెస్ట్‌లో మళ్లీ చేపట్టినప్పుడు అది నవలగా పెరిగింది. యుద్ధం వల్ల జ్యూరిక్‌కూ, ఆ తర్వాత పారిస్‌కూ మకాం మార్చాడు. ఎక్కడున్నా రాసింది మాత్రం డబ్లిన్ గురించే.

కథ నడిచేది 1904 జూన్ 16న. లియోపోల్డ్ బ్లూమ్ పత్రికలకు ప్రకటనలు సేకరించి బతికేవాడు, యూదుడి కొడుకు. పొద్దున ఎక్లిస్ వీధిలో ఇల్లు వదిలినవాడు అర్ధరాత్రి దాటాక తిరిగొస్తాడు. ఒడిస్సియస్ పదేళ్ల తిరుగు ప్రయాణానికి ఈ ఒక్క రోజే సాటి. పాతాళలోకం స్థానంలో గ్లాస్‌నెవిన్ శ్మశానం, వాయుదేవుడి దీవి స్థానంలో పత్రికా కార్యాలయం వస్తాయి.

పోలిక ఇంతవరకే అయితే అది తెలివైన అమరిక మాత్రమే. అసలు కొత్తదనం రాసిన తీరులో ఉంది. మొదటి అధ్యాయాల్లో జాయిస్ పాత్రల ఆలోచనలు ఎలా పుడితే అలా పారనిస్తాడు. మనం చైతన్య స్రవంతి అంటున్న ఈ పద్ధతికి 1887లోనే ఫ్రెంచి రచయిత దుజార్దాన్ దారి వేశాడు. 1919లో 'సైరన్స్' అధ్యాయానికి వచ్చేసరికి భాషే సంగీతమైపోయింది. అంతవరకూ వెన్నుదన్నుగా నిలిచిన కవి ఎజ్రా పౌండ్ సైతం కలవరపడ్డాడు. అక్కడి నుంచి ప్రతి అధ్యాయానికీ దానిదే రూపం: ప్రసూతి ఆసుపత్రి ఘట్టంలో గర్భంలో శిశువు ఎదిగినట్టు ఇంగ్లీషు వచనం శతాబ్దాల శైలులు దాటుకుంటూ ఎదుగుతుంది, మరొకటి నాటకం, ఇంకొకటి ప్రశ్నోత్తరాలు. చివర బ్లూమ్ భార్య మోలీ ఆలోచనలు దాదాపు విరామ చిహ్నాలే లేకుండా ఎనిమిది వాక్యాల్లో సాగుతాయి.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఒంటికన్ను రాక్షసుడి ఘట్టం. ఇక్కడ రాక్షసుడు బార్నీ కీర్నన్ పబ్బులో కూర్చున్న జాతీయవాది. తన జాతి తప్ప మరొకటి కనబడని చూపు అతనిది. కథనం మధ్యలో ఐరిష్ వీరగాథలను అనుకరించే అతిశయోక్తులు పోటెత్తుతాయి. హోమర్‌లో వీరుడు కాల్చిన మొద్దుతో రాక్షసుడి కన్ను పొడుస్తాడు. బ్లూమ్ చేతిలో ఉన్నది చుట్ట, దాంతో ఎవరినీ గాయపరచడు. ద్వేషంతో బతకడం బతుకు కాదని వాదిస్తాడు. ఒడిస్సియస్ తప్పించుకుంటూ ఉండబట్టలేక తన పేరు అరిచినట్టే, బ్లూమ్ కూడా వెళ్తూ వెళ్తూ క్రీస్తు యూదుడేనని అరుస్తాడు. వెనక నుంచి బండరాయికి బదులు బిస్కట్ల డబ్బా వచ్చి పడుతుంది. ఇంటికి చేరాక కూడా భార్య ప్రియుడిపై పగ తీర్చుకోడు. ఒడిస్సియస్ ఇంట నెత్తురు పారిన చోట బ్లూమ్ ఊరుకుంటాడు. యూరప్ తగలబడి ఇంకా చల్లారని ఏళ్లలో ఒక రచయిత వీరత్వాన్ని ఇలా తిరిగి నిర్వచించడం నాకు చాలా పెద్ద సాహసమనిపిస్తుంది.

'లిటిల్ రివ్యూ' పత్రికలో 1918 నుంచి వచ్చిన ధారావాహికను అమెరికా కోర్టు 1921లో అశ్లీలమంది. 1922 ఫిబ్రవరి 2న, జాయిస్ 40వ పుట్టినరోజున, సిల్వియా బీచ్ పారిస్‌లో పుస్తకం తెచ్చింది. అధ్యాయాలకు హోమర్ పేర్లు అందులో లేవు. మిత్రులకిచ్చిన పట్టికల ద్వారా, 1930లో స్టూవర్ట్ గిల్బర్ట్ పుస్తకం ద్వారా అవి లోకానికి తెలిశాయి. పురాణంతో వర్తమానాన్ని సమాంతరంగా నడపడం కొత్త పద్ధతి అని కవి ఎలియట్ 1923లోనే గుర్తించాడు. డబ్లిన్‌లో మాత్రం 1954లో రచయితలు ప్యాట్రిక్ కవనా, ఫ్లాన్ ఓబ్రయన్ మరికొందరితో గుర్రబ్బళ్లెక్కి బ్లూమ్ దారి పట్టేదాకా జూన్ 16 పండుగ కాలేదు.

ఇలాంటి ఒక్క రోజు నవల తెలుగులోనూ ఉంది: నవీన్ 'అంపశయ్య' 1969లో వచ్చింది. అదీ ఉస్మానియా విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజే, అదీ చైతన్య స్రవంతే. నవీన్ ఘట్టం ఘట్టానికీ భారతాన్ని వెంట నడిపించలేదు. భీష్ముడి బాణాల పడక ఒక్కటి తీసుకుని, దానిమీద ఒక పేద విద్యార్థి మనసును పడుకోబెట్టాడు.