రెండు చుక్కలే ఆధారం

కంప్యూటర్ డిస్కులో ఫైళ్లను అమర్చే ఫ్యాట్ 32 పద్ధతి 1996 ఆగస్టులో వచ్చింది. 2026తో దానికి 30 ఏళ్లు. కోనసీమకు మాత్రం 1996 అంటే నవంబరు 6 తుపానే. ఆ రాత్రి కొబ్బరి చెట్లతోపాటు కరెంటు స్తంభాలూ కూలాయి.

ఏది ఎక్కడుందో రాసిపెట్టుకోవడం మనకు కొత్త కాదు. తాటాకుల కట్టలు, గుడి మాన్యాల శాసనాలు దాటి, శతాబ్దాలను ఒక్క అంగలో దూకితే కరణంగారి దస్తరం దగ్గర తేలతాం. 1984లో కరణాల పదవులు పోయాయి. 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి ‘కార్డ్’ పేరుతో కంప్యూటర్లొచ్చాయి.

నాకిష్టమైన ఘట్టం ఆ నడిమి కాలపు డీటీపీ సెంటర్లది. అమలాపురంలో మాఘమాసం ముహూర్తాల వేళ శుభలేఖ సేవ్ అవుతుండగానే కరెంటు పోయేది. మళ్లీ తెరిస్తే ఫైళ్ల పేర్లున్న చోట పిచ్చి గుర్తులు!

ఈ గుర్తుల గుట్టు ఫ్యాట్ కట్టడంలోనే ఉంది. ఫ్యాట్ 32కు మూలమైన ఆ పద్ధతికి 1977లో మైక్రోసాఫ్ట్‌లో మార్క్ మెక్‌డొనాల్డ్ ప్రాణం పోశాడు. డాస్‌లో ఒక్కో ఫైలుకూ డైరెక్టరీలో 32 బైట్ల పద్దు: పేరుకు 8 అక్షరాలు, రకానికి 3, తేదీ, సైజు, మొదటి ముక్క చోటు. మిగతా ముక్కల వరస వేరే పట్టికలో ఉంటుంది. ఆ పట్టికకు మామూలుగా రెండు ప్రతులు. డైరెక్టరీకి ఒక్కటే. చిక్కంతా అక్కడే.

డిస్కు మరమ్మతుకు చెక్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ నడిపితే తల్లీతండ్రీ లేని ముక్కలకు ‘ఫైల్0000.సీహెచ్‌కే’ లాంటి పేర్లు పెట్టేది. ఏది ఎవరి పెళ్లో తెరిచి చూసుకోవాల్సిందే. ఆరితేరినవాళ్లకు డిస్కులో రాతను నేరుగా దిద్దే నార్టన్ డిస్క్ ఎడిటర్ ఉండేది. ప్రతి ఉప డైరెక్టరీ ఒక చుక్క, రెండు చుక్కల పద్దులతో మొదలవుతుంది. మొదటిది తన చోటు చెబుతుంది, రెండోది పై డైరెక్టరీ చోటు. పై డైరెక్టరీలో పద్దు చెడినా, డిస్కంతా గాలించి ఆ చుక్కలను పట్టుకుని, ఒక చుక్క పద్దులోని అంకెతో కొత్త పద్దు రాస్తే ఫోల్డరు మొత్తం లేచి కూర్చునేది. కట్టడం సాదాసీదా కాబట్టే చేత్తో బాగుచేయగలిగారు.

తర్వాత కథ చెదిరిపోయింది. విండోస్‌లో ఫ్యాట్ చోటులోకి వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి తన మార్పుల చిట్టా తానే రాసుకుంటుంది. ఫొటోలు క్లౌడ్‌కెక్కాయి. ఫ్యాట్ మాత్రం పోలేదు. 32 జీబీ దాకా మెమరీ కార్డుల్లో ఇప్పటికీ అదే.

కాబట్టి పెళ్లి ఫొటోల కార్డు ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడిగితే ఒప్పుకోకండి. చెక్‌డిస్క్ మరమ్మతు కూడా ఆ కార్డు మీదే రాస్తుంది. ముందు కార్డు మొత్తానికి నకలు తీయించండి. ప్రయోగాలన్నీ ఆ నకలు మీదే.