వ్యసన చికిత్స పొందేవారి హక్కులు, బాధ్యతలు: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతం

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో తాగుడుపై పోరాటం సారా దుకాణం ముందు మొదలైంది. ఉదయగిరి నియోజకవర్గం కలిగిరి మండలంలోని దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. అక్షరాస్యత తరగతుల్లో ఆ కథే పాఠమై పల్లెపల్లెకూ చేరింది. 1992 నాటికి అది పెద్ద ఉద్యమమైంది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే సడలిపోయింది.

1995 మద్యనిషేధ చట్టం మద్యం అమ్మకాన్నీ కొనుగోలునూ మాత్రమే కాదు, తాగడాన్నీ నిషేధించింది. తాగుడు మానలేని మనిషి అప్పట్లో ఆ చట్టం ముందు నిందితుడే. గంజాయి, నల్లమందు వంటి వాటికి సంబంధించిన 1985 మత్తుపదార్థాల చట్టం మాత్రం 1989 సవరణతో ఒక దారి తెరిచింది: వ్యసనపరుడు తనంతట తానే గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరితే 64ఎ సెక్షన్ కింద కొన్ని చిన్న నేరాలకు విచారణ తప్పుతుంది. చికిత్సను మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. హక్కు, బాధ్యత రెండూ ఒకే సెక్షన్‌లో ఉన్నాయి.

అసలు మలుపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే 29న అమల్లోకి వచ్చిన ఈ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులనూ మానసిక అనారోగ్యంగా గుర్తించింది. దాంతో ప్రభుత్వ వైద్యం, గోప్యత, తన వైద్య రికార్డులు చూసుకోవడం రోగి హక్కులయ్యాయి. గొలుసులతో కట్టేయడం పూర్తిగా నిషేధం. స్వయంగా చేరిన రోగికి అతని సమ్మతి లేకుండా మందు ఇవ్వకూడదు. ఇంట్లో అన్నంలోనో కూరలోనో తెలియకుండా తాగుడు మాన్పించే మందు డైసల్ఫిరామ్ కలిపిపెట్టే అలవాటును కూడా మానాల్సిందే. ఆ మందు ఒంట్లో ఉండగా మద్యం తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. భర్తను ఎలాగైనా మార్చుకోవాలన్న ఇల్లాలి ఆరాటం నిజమైనదే, కానీ ఆ దారి ప్రమాదకరం.

తాగుతున్నాడన్న ఒక్క కారణంతో బంధువులు ఎవరినీ కేంద్రంలో బంధించి ఉంచలేరు. తనకో ఇతరులకో హాని చేసే ప్రమాదం, తన బాగోగులు తాను చూసుకోలేని స్థితి వంటివి నిపుణులు పరీక్షించి నిర్ధారించాలి. అప్పుడైనా మొదట 30 రోజుల వరకే.

రోగి బాధ్యతల్లో ముఖ్యమైనది నిజం చెప్పడం. రోజుకు ఎంత తాగుతాడో దాస్తే డాక్టరు ఇచ్చే మందు మోతాదు తప్పవచ్చు. ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజుల్లో మూర్ఛ, మతిభ్రమణం రావచ్చు. స్వయంగా చేరినవాడు కేంద్రం నియమాలు పాటించాలి. వెళ్లిపోతానంటే పంపించాల్సిందే, అయితే నిర్దిష్ట కారణాలుంటే నిపుణుడు 24 గంటలు ఆపవచ్చు. హక్కులకు భంగం కలిగితే మానసిక ఆరోగ్య సమీక్షా మండలిని ఆశ్రయించవచ్చు, అందుకు ఉచిత న్యాయసహాయమూ దొరుకుతుంది.